తెరవని వార్డులో పడిన అత్తగారు

ఆ పెద్దాసుపత్రిలో లెక్కలమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు, ఆమె ఏం చేస్తుందో తెలిసినవాళ్ళూ లేరు. రెండో అంతస్తులో ఎక్స్‌రే గది పక్కన, ఒకప్పుడు చీపుర్లు దాచుకున్న గదిలో ఆమె కుర్చీ. కిటికీ ఉంది, తెరుచుకోదు. ఫ్యాను ఉంది, అది తిరిగితే పక్కవాళ్ళ మాట వినపడదు. ఆ గదిలో కూర్చుని ఆమె రోగుల్ని అంకెలు చేస్తుంది. జ్వరం తగ్గినవాళ్ళు, తగ్గనివాళ్ళు, మంచం మీంచి పడ్డవాళ్ళు, బాత్రూములో జారినవాళ్ళు, అందరూ చివరికి ఆమె దగ్గరికి రావలసిందే. "అదృష్టవంతురాలు, ఒక్కరికీ సూది పొడవకుండా జీతం తీసుకుంటుంది" అని ఆమె వదిన ఊరంతా చెప్పేది.

వదిన అంటే మామూలు వదిన కాదు. మొగుడికి స్వయానా అక్క. అదే ఆసుపత్రిలో ఏడో వార్డుకు పెద్ద నర్సు. అది చాలదన్నట్టు ఇంట్లో ఎదురు వాటా. అత్తగారు పగలు ఒక వాటాలో, రాత్రి ఒక వాటాలో ఉంటూ ఇక్కడి మాట అక్కడికీ అక్కడి మాట ఇక్కడికీ ఉచితంగా చేరవేస్తూ ఉంటుంది. లెక్కలమ్మ కాపురానికొచ్చిన కొత్తలో వండిన మొదటి కూర నోట్లో పెట్టుకుని వదిన, "ఉప్పు వేశావా అమ్మాయ్, చూపించి తీసేశావా?" అని అడిగింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా పరదాలు వంకరగా కట్టిందనీ, చెప్పులు గుమ్మానికడ్డంగా విడిచిందనీ, కంప్యూటర్లో గళ్ళు నింపడం కూడా ఒక ఉద్యోగమేనా అనీ, ఏదో ఒకటి అనకుండా ఆవిడకు పొద్దు గడవదు. లెక్కలమ్మ పళ్ళు నూరుకుని ఊరుకునేది. ఊరుకోవడం వేరు, మరిచిపోవడం వేరు.

ఇక పాలనాధికారి. ఆయనకు నర్సులు పెట్టిన పేరు తళతళ సారు. బూట్లు తళతళ, బల్ల తళతళ, నెత్తి కూడా తళతళే. వైద్యం ఆయనకు తెలియదు, తెలుసని ఆయన ఎప్పుడూ అబద్ధమాడలేదు పాపం. మెరిసేదంతా బాగున్నట్టు, మెరవనిదంతా పాడైనట్టు ఆయన లెక్క. జూలైలో తనిఖీ సంఘం వస్తోందని ఆసుపత్రి నేలంతటికీ అద్దంలాంటి పాలిష్ పట్టించాడు. సంఘం పెద్దమనిషి వరండాలో వంగి తన మొహం తనే చూసుకుని మురిసిపోయాడట. ఒక్క ఏడో వార్డు నేల మాత్రం మెరవలేదు. పాలిష్ వాళ్ళు డబ్బాలతో వస్తే వదిన తుడుపు కర్ర అడ్డంపెట్టి గుమ్మంలో నిలబడింది. "ఈ వార్డులో అందరూ ముసలాళ్ళే. మీ అద్దం మీద నడిపించి వాళ్ళ నడుములు విరగ్గొట్టమంటారా? ముందు మీ సారుని ఉత్త కాళ్ళతో నడిచి చూపించమనండి" అంది. మర్నాడే ఆవిడకు సంజాయిషీ నోటీసు వచ్చింది, నేల మెరవనందుకు. ఆ సంగతి ఇంట్లో తెలిసిన పూట లెక్కలమ్మ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఏడాది లెక్కలన్నీ చేరాక, ఫిబ్రవరిలో తళతళ సారు లెక్కలమ్మను పిలిపించాడు. ఏ వార్డులో, ఏ నెలలో, ఏ డ్యూటీలో ఎందరు రోగులు జారిపడ్డారో రిపోర్టు కావాలన్నాడు.

"పోయినేడు నువ్విచ్చిన పట్టికలో నెలలు ముందున్నాయమ్మా. నాకు వార్డు ముందుండాలి. ఎవరి వల్ల తప్పు జరిగిందో ఒక్క చూపులో తెలియాలి. నెలని పట్టుకుని ఏం చేసుకుంటాం?"

"అలాగే సార్" అంది లెక్కలమ్మ. కొంప ముంచింది ఆ అలాగే.

ఆమె పనిచేసేది ఆర్ అనే లెక్కల భాషలో. మామూలు పట్టికకు రెండే ముఖాలు, నిలువూ అడ్డమూ. నిలువున నెలలు, అడ్డంగా వార్డులు రాసుకుంటే కాగితం నిండిపోతుంది. ఉదయం, సాయంత్రం, రాత్రి డ్యూటీలు విడివిడిగా కావాలంటే అలాంటి కాగితాలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ దొంతరను ఆ భాషలో అర్రే అంటారు. లెక్కలమ్మ మాత్రం పెట్టె అంటుంది. పెట్టెకు మూడు ముఖాలు, ఒక్కో ముఖానికి మన ఇష్టమొచ్చిన చీటీలు తగిలించుకోవచ్చు.

పెట్టెలో అంకెలు పోసేటప్పుడు భాషకో పద్ధతుంది. మొదటి ముఖం వెంట పైనుంచి కిందికి నింపుతుంది, అది నిండితే పక్క వరసకు జరుగుతుంది. ఆసుపత్రి కంప్యూటరు ఇచ్చే అంకెలేమో ఒక వార్డు తాలూకు పన్నెండు నెలలు వరసగా, తర్వాత ఇంకో వార్డు తాలూకు పన్నెండు నెలలు, ఇలా వస్తాయి. కాబట్టి మొదటి ముఖం నెలలే కావాలి. వార్డులు ముందుకు రావాలంటే ముందు పోసినట్టే పోసి, ఆ తర్వాత పెట్టెను పక్కకు తిప్పాలి. తిప్పడానికి ఒక్క ఆజ్ఞ చాలు. లెక్కలమ్మ ఆ రోజు తొందరలో పెట్టెను తిప్పలేదు, చీటీలు మార్చింది. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసి అలమారాలో పెట్టినట్టు.

పోయినేడూ ఒకసారి ఇదే పొరపాటు చేసింది. అప్పుడు ఆసుపత్రికి పదకొండు వార్డులే. పదకొండు చీటీలు పట్టుకెళ్ళి పన్నెండు వరసలకు అతికించబోతే భాష ఎర్రటి అక్షరాలతో గయ్యిమంది. ఆమె నాలుక కరుచుకుని దిద్దుకుంది. ఈ లెక్కల ఏడాది సెప్టెంబరులో తళతళ సారు రిబ్బను కత్తిరించి పన్నెండో వార్డు తెరిచాడు. వార్డులు పన్నెండు, నెలలు పన్నెండు. చీటీలు సరిగ్గా సరిపోయాయి. భాష కిమ్మనలేదు. లెక్క సరిపోయిందా లేదా అన్నదే దాని గొడవ, లోపల ఉన్నది ఉప్పో పంచదారో అది నాకి చూడదు కదా.

ఫలితం నిలువు గీతల బొమ్మగా తెర మీదికొచ్చింది. పదకొండు వార్డులు బుద్ధిగా మోకాలెత్తున నిలబడితే ఏడో వార్డు ఒక్కటే నిలువెత్తున లేచింది. లెక్కలమ్మ కళ్ళు నులుముకుంది. కుర్చీలో వెనక్కి వాలింది. ఎవరూ చూడటం లేదు కదా అని చిన్నగా కూనిరాగం కూడా తీసింది.

మామూలుగా ఏ లెక్కనైనా బయటికి పంపేముందు నాలుగు గళ్ళు ఏరి, వార్డుల నుంచి వచ్చిన అసలు అంకెలతో పోల్చుకోవడం ఆమెకు అలవాటు. అనుమానం ఆమె వృత్తి. ఫలానా వార్డు బాగుందని తేలితే అనుమానం, బాగోలేదని తేలితే ఇంకా అనుమానం. వదిన వార్డు బాగోలేదని తేలితే మాత్రం అనుమానం ఎందుకు? ఇన్నేళ్ళుగా తను అనుకుంటున్నదే అంకెలూ అంటున్నాయి! మనకు కావలసిన మాట మోసుకొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి ఊరూ పేరూ అడుగుతామా? లోపలికి పిలిచి కుర్చీ వేస్తాం. రిపోర్టు ఆ సాయంత్రమే తళతళ సారు బల్ల మీదికి వెళ్ళింది.

సారుకు పండగే పండగ. నేల మెరవని వార్డే మనుషుల్ని కూడా పడేస్తోందని అంకెలతో సహా తేలిపోయింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వదిన ఏడో వార్డు వదిలేసి, నేలమాళిగలో చాకిరేవు యంత్రాల పక్కనున్న దుప్పట్ల స్టోరుకు వెళ్ళాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రం వదినా ఈ వాటాలోనే భోజనానికి కూర్చుంది. మొగుడు తన కంచంలోకి చూస్తూ, "నిజం చెప్పు, అక్క మీద కోపంతో గానీ చేశావా?" అన్నాడు.

"అంకెలకి కోపాలుంటాయా?" అంది లెక్కలమ్మ.

"అంకెల సంగతి కాదు నేనడిగేది."

"మీ అక్క వార్డులో జనం పడిపోతే దానికి నేనా తోసింది?" అని ఒంటికాలి మీద లేచింది. ఆ రోజు కూరలో ఉప్పు నిజంగానే తక్కువైంది. వదిన ఆ కూరే కలుపుకుని, ఒక్క మాటనకుండా తిని, కంచం కడిగి పెట్టి వెళ్ళిపోయింది. గెలిచానన్న సంబరం లెక్కలమ్మకు అక్కడ మొదటిసారి చప్పబడింది. తిట్టకపోతే ఈవిడ ఇంత భయంగా ఉంటుందని ఎవరనుకున్నారు!

ఆ వారంలోనే అత్తగారి మణికట్టుకు కట్టు మార్చాల్సి వచ్చింది. డిసెంబరులో జ్వరమొచ్చి ఆవిడ ఐదో వార్డులో చేరింది. అక్కడ ఒకరోజు పొద్దున్నే బాత్రూముకెళుతూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కూతురు వార్డు అప్పగింతల్లో తలమునకలుగా ఉండటంతో లెక్కలమ్మే ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళింది. ఆసుపత్రి ముఖద్వారం దగ్గర, అందరికీ కనపడేలా, తళతళ సారు కొత్తగా వేయించిన పెద్ద పోస్టర్ మెరుస్తోంది. లెక్కలమ్మ రిపోర్టులోంచి ఆయనే స్వయంగా ఏరుకున్న ముక్క అది. 'డిసెంబరులో మా సాధన: ఒకటి నుంచి ఎనిమిది వార్డుల్లో జారిపడినవారు సున్నా!'

అత్తగారు ఆగింది. కళ్ళజోడు సర్దుకుంది. కట్టు లేని చేతి వేలితో ఒక్కో అక్షరమే తడుముతూ చదివింది.

"ఏమే, ఐదో వార్డు ఒకటికీ ఎనిమిదికీ మధ్యలోనే కదా ఉంటుంది?"

"అవునత్తయ్యా."

"డిసెంబర్లో అక్కడెవరూ పళ్ళేదట. మరి నేనెక్కడ పడ్డానే, ఆకాశంలోనా?" అంటూ కట్టు కట్టిన చెయ్యి పోస్టర్ ముందు ఊపింది. "ఈ చెయ్యి విరగలేదా? రెండు నెలలుగా నువ్వు నాకు జడేస్తున్నది సరదాకా?"

పక్కన పళ్ళరసం తాగుతున్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. లెక్కలమ్మకు నవ్వు రాలేదు. అత్తగార్ని కట్టు కట్టే గదిలో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని రెండో అంతస్తుకు మెట్లమీద పరిగెత్తింది.

పెట్టె తెరిచింది. డిసెంబరు కింద ఎనిమిది వార్డులకు నిజంగానే సున్నాలు. తొమ్మిదో వార్డు నుంచి అంకెలు. ఎనిమిది సున్నాలు, ఆ తర్వాత అంకెలు. ఎక్కడో చూసిన వరస. పన్నెండో వార్డు తెరిచింది సెప్టెంబరులో, అంటే ఎనిమిది నెలలు దానికి తాళం. ఆమె పన్నెండో వార్డు వరస తీసింది. జనవరిలో జారిపడ్డారు. ఫిబ్రవరిలో జారిపడ్డారు. మే నెలలో, ఉదయం డ్యూటీలో కూడా పడ్డారు. మే నెలలో ఆ వార్డులో ఉన్నవి విరిగిన మంచాలు, రంగు డబ్బాలు, ఒక నిచ్చెన. నిచ్చెన పడి ఉండొచ్చు గానీ దాన్నెవరూ రోగుల కింద రాయరు.

ఐదో వార్డు, పన్నెండో నెల. తిరగేస్తే పన్నెండో వార్డు, ఐదో నెల. మే నెల గడిలో, ఇంకా తెరవని వార్డులో, పొద్దున్నే జారిపడి కూర్చున్నది ఎవరో కాదు, సాక్షాత్తూ తన అత్తగారే.

లెక్కలమ్మ తల పట్టుకుంది. వార్డులనుకున్నవన్నీ నెలలు. నెలలనుకున్నవన్నీ వార్డులు. నిలువెత్తున లేచిన ఆ ఏడోది ఏడో వార్డు కాదు, జూలై. ఆసుపత్రి అంతా అద్దమై మెరిసిన జూలై. పెట్టెను సరిగ్గా తిప్పి మళ్ళీ చూసింది. జూలైలో దాదాపు ప్రతి వార్డులోనూ జనం జారారు. తుడుపు కర్ర అడ్డంపెట్టిన ఏడో వార్డులో మాత్రం అన్ని నెలల్లాగే ఉంది. ఒక్క ఆజ్ఞ, ఒక్కసారి సరిచూసుకోవడం. ఆ రెండూ చెయ్యకుండా కూనిరాగం తీసినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

తళతళ సారు గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొదట తెల్లమొహం వేశాడు. ఏడోది జూలై అనగానే ఆయన చూపు ఎందుకో తన బూట్ల మీదికి దిగింది.

"జూలైనా? జూలైని ఎక్కడికి బదిలీ చేస్తామమ్మా?"

"బదిలీ ఎవర్నీ చెయ్యక్కర్లేదు సార్. రిపోర్టు మార్చి..."

"చూడమ్మా" అన్నాడు ఆయన, పసిపిల్లకు చెప్పినట్టు. "తప్పనేది ఎవరికైనా తెలిస్తేనే తప్పు. అప్పటిదాకా అది రిపోర్టు. ఉత్తర్వులు వెళ్ళాయి, పోస్టర్ కట్టాం. నీ కంప్యూటరే ఏమీ అనలేదంటున్నావు. దానికి లేని బాధ నీకెందుకు? పైగా ఆవిడ నీకు ఆడపడుచట కదా. నీకు మేలే చేశాను." అని ఒక నవ్వు నవ్వాడు. తనూ ఆయనా ఒక జట్టు అన్నట్టున్న ఆ నవ్వు చూస్తే లెక్కలమ్మకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

అయినా ఆమె ఆ రోజే వెళ్ళి వదినతో చెప్పేసిందనుకుంటే పొరపాటు. మనుషులు అంత తొందరగా మంచివాళ్ళైపోరు. ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెట్టింది. చెబితే ఉద్యోగం, పరువు, ఇంట్లో మొహం ఏమైపోతాయో ఆలోచించింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అత్తగారు తప్ప. అత్తగారి సాక్ష్యం ఎవరు పట్టించుకుంటారు? ఆవిడ తన చెప్పుల కోసమే ఇల్లంతా వెతికి చివరికి వాటిని కాళ్ళకే చూసుకునే మనిషి.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం వదిన వార్డులోంచి తన సామాను తెచ్చేసుకుంది. ఒక గుడ్డ సంచీలో టీ కప్పు, డ్యూటీ చెప్పులు, కిటికీలో పెంచుకున్న మొక్క తాలూకు కుండీ. సంచీ తన వాటాలో పెట్టకుండా నేరుగా లెక్కలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వచ్చేసింది, ఇక దులిపేస్తుంది అనుకుంది లెక్కలమ్మ. దులిపేస్తే బాగుండునని కూడా అనుకుంది.

"అమ్మాయ్, ఒక్క మాట. నువ్వు కూరల్లో తప్పు చేస్తావు గానీ లెక్కల్లో చెయ్యవు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఎవరితోనూ వాదించలేదు." ఆవిడ కుండీలో ఎండిన ఆకొకటి తుంచింది. "రెండు రోజులుగా ఆలోచిస్తున్నా, అంతమంది నా చేతుల్లో ఎప్పుడు పడ్డారో నాకు తట్టడం లేదు. నేను చూడకుండానే ఏదో జరిగుంటుంది. ఏ డ్యూటీలో ఎక్కువో, ఎక్కడ పొరపాటు చేశానో ఒక్క కాగితం మీద రాసివ్వు. నా పిల్లలకి చెప్పి వెళ్తాను. కనీసం నా తర్వాతైనా వాళ్ళు పడకుండా చూస్తారు."

పిల్లలంటే వార్డులోని చిన్న నర్సులు. పడకుండా చూడవలసింది ముసలాళ్ళని. ఆవిడ మొహంలో వెటకారం ఒక్క పిసరు లేదు. ఇన్నేళ్ళలో తనను ఒక్క విషయంలోనైనా నమ్మిందని లెక్కలమ్మకు ఇప్పుడే తెలిసింది. తెలియక తెలియక ఈ పూటే తెలియాలా? ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గేసింది. "ఎల్లుండి పెద్ద నర్సుల మీటింగులో చెబుతాను వదినా" అని మాత్రం అనగలిగింది. వదిన తలూపి, వెళ్తూ వెళ్తూ గుమ్మానికడ్డంగా ఉన్న చెప్పులు కాలితో పక్కకు జరిపింది.

మీటింగుకు వార్డుల పెద్ద నర్సులంతా వచ్చారు. తళతళ సారు మధ్య కుర్చీలో. లెక్కలమ్మ లేచి నిలబడి గోడ మీద పట్టిక వేయించింది. నీళ్ళు నమలకుండా మొదటి మాటే అసలు మాట చెప్పింది.

"నేనిచ్చిన లెక్క తప్పు. వార్డుల చీటీలు తీసుకెళ్ళి నెలలకి తగిలించాను. ఏడో వార్డని మీకు చూపించింది ఏడో వార్డు కాదు, జూలై నెల. పన్నెండో వార్డు తెరవకముందే అందులో మా అత్తగార్ని పడేశాను. సరిచేసిన లెక్క ఇది."

గదిలో చిన్న గుసగుస. ఎవరో, "అయితే జూలైలో ఏమైంది?" అన్నారు. జవాబు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అందరి చూపులూ ఒకటొకటిగా కిందికి దిగి, కుర్చీల కాళ్ళ మధ్య ఇంకా అక్కడక్కడా మెరుస్తున్న నేల మీద ఆగాయి. తళతళ సారు మాత్రం పైకప్పు వైపు చూశాడు. అక్కడ మెరిసేది ఏమీ లేదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎదురుదాడికి దారి దొరికిన ఉత్సాహం మొహంలోకి వచ్చింది. "సరే, తప్పు జరిగింది. ఇంత అనుభవమున్నదానివి, పంపేముందు సరిచూసుకోలేదేమమ్మా?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. పని ఎక్కువైందనవచ్చు. భాష హెచ్చరించలేదనవచ్చు. మీరే వార్డు ముందుండాలన్నారని అనవచ్చు. అన్నీ నిజాలే. లెక్కలమ్మ వదిన వైపు చూసింది.

"వచ్చిన ఫలితం నాకు నచ్చింది సార్. అందుకే సరిచూడలేదు."

వదిన రెప్ప వెయ్యకుండా ఆమెనే చూసింది. తర్వాత తన డైరీ మూసేసి, డ్యూటీ టైమైందని లేచి వెళ్ళిపోయింది, ఏడో వార్డుకే.

తర్వాత న్యాయం జరిగింది. ఆసుపత్రుల్లో జరిగే న్యాయం ఎలా ఉంటుందో అలాగే జరిగింది. నేల పాలిష్ మీద విచారణ సంఘం వేశారు, దానికి అధ్యక్షుడు తళతళ సారే. పోస్టర్ దించి దాని స్థానంలో చేతులు కడుక్కోమనే పోస్టర్ పెట్టారు. వదిన బదిలీ ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. కాగితం అదే, దుప్పట్ల స్టోరు అదే, ఒకటో తారీకు అదే, 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' అన్న ముక్కా అదే. వదిన పేరు కొట్టేసి పైన లెక్కలమ్మ పేరు రాశారు. పెట్టె తిప్పలేదు, చీటీ మార్చారు. అంతా తనను చూసే నేర్చుకున్నట్టుందని లెక్కలమ్మ అనుకుంది.

నేలమాళిగలో కిటికీ అసలే లేదు, కాబట్టి తెరుచుకోదన్న బాధ కూడా లేదు. ఉతికిన దుప్పట్ల వేడి వాసన, గోడ అవతల గడగడమనే యంత్రాలు. ఏ వార్డుకు, ఏ రోజు, ఏ కొలత దుప్పట్లు వెళ్ళాయో చూడటం ఆమె పని. అంటే మళ్ళీ మూడు ముఖాల పెట్టే. ఇంట్లో వదిన ఆమెతో మాట్లాడటం మానేసింది. ఉప్పు గురించి గానీ చెప్పుల గురించి గానీ మాటే లేదు. మొగుడు ఇద్దరి మధ్యా పిల్లిలా తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం స్టోరు గుమ్మంలో బండి చక్రాల చప్పుడైంది. దుప్పట్ల కోసం వార్డు ఆయా రావాలి. వచ్చింది వదిన. బండి లోపలికి తోసి, అరల వంక, బల్ల వంక చూసి, బల్ల మీద వేలితో గీసి దుమ్ము చూసుకుంది.

"మీటింగులో అన్నావే, నచ్చిందని. అంత నచ్చిందా?"

లెక్కలమ్మ చేతిలో దుప్పటి మడత జారింది. "నచ్చింది వదినా."

"ఎంత?"

"పాట పాడుకున్నాను."

వదిన మొహం కందగడ్డలా ఎర్రబడింది. అయిపోయానురా భగవంతుడా అనుకుంది లెక్కలమ్మ. కానీ ఆవిడ నోట్లోంచి వచ్చింది తిట్టు కాదు, తుమ్ములాంటి నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేక, బండి పట్టుకుని నవ్వింది.

"నిన్ను ఇక్కడ పడేశారని తెలిసిన రోజు నేనూ వార్డంతా టీలు పోయించానే" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మర్నాడు గానీ బాధ కలగలేదు." తర్వాత గొంతు మారింది. "అవునూ, సరైన లెక్కలో నా వార్డు ఎన్నోది? ఎవర్నడిగినా చెప్పరు."

"తక్కువ పడినవాళ్ళలో మూడోది వదినా."

"మూడోదా!" వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. పాత వదిన వచ్చేసింది. "నాకంటే బాగా చూసుకున్న ఆ ఇద్దరు మహాతల్లులు ఎవరో చెప్పు, వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టొస్తాను."

"రెండోది పన్నెండో వార్డు. ఎనిమిది నెలలు తాళమేసుంది."

"ఊఁ. మొదటిది?"

"పురిటి పిల్లల వార్డు."

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. "వాళ్ళకి నడకే రాదు కదే."

"రాదు."

"అంటే నడిచేవాళ్ళున్న వార్డులన్నిట్లో..."

"మీరే వదినా."

వదిన అటు తిరిగి నిలబడి దుప్పట్లు ఎత్తి బండిలో పెట్టుకోవడం మొదలెట్టింది. రెండు పెట్టి, మూడోది చేతిలోనే పట్టుకుని, వెనక్కి చూడకుండా అడిగింది.

"సరిచూశావా?"

"చూశాను. బాగా నచ్చింది కదా, అందుకే మూడుసార్లు చూశాను."